కాలు కదపని లోవలక్ష్మి

మా మందుల షాపులో దొంగసరుకులా చేతులు మారే వస్తువులు మూడున్నాయి. రెండింటి సంగతి ఇక్కడ అనవసరం. మూడోది పెద్దవాళ్ల డైపర్లు. వాటికోసం వచ్చినవాళ్లు ముందు తలనొప్పి బిళ్లలు అడుగుతారు, తర్వాత దగ్గుమందు అడుగుతారు, షాపులో ఇంకెవరూ లేరని చూసుకుని అప్పుడు కౌంటరు మీదికి వంగి “మా నాన్నగారికండి” అంటారు. షాపు పేరుకు మావారిదే అయినా నరసాపురంలో ఇరవై రెండేళ్లుగా ఆ కౌంటరు వెనక కూర్చున్నది నేను. ఒక్క మనిషి “నాకండి” అన్న పాపాన పోలేదు. ఊళ్లో ఆ ఇబ్బందంతా నాన్నగార్లకూ అత్తగార్లకూ మాత్రమే వస్తుంది కాబోలు. నేనూ తక్కువ తినలేదు. అడక్కుండానే ప్యాకెట్టును పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, వాళ్ల మొహం చూడకుండా చేతికిచ్చేదాన్ని. అదే మర్యాద అనుకున్నాను.

ఆ మాట మొదటిసారి అన్న మనిషి లోవలక్ష్మి.

లోవలక్ష్మికి యాభై నాలుగేళ్లు. వశిష్ఠ గోదావరి ఒడ్డున, ఊరి చివరి చేపల రేవులో ముప్పై ఏళ్లుగా వేలం వేసేది ఆవిడే. పడవ ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు నీళ్లలోకి దిగి, చేపల బుట్టలు అందుకుని, నెత్తిన పెట్టుకుని వచ్చి సిమెంటు గట్టు మీద కుప్ప పోస్తారు. చుట్టూ షావుకార్లు మూగుతారు. అప్పుడు లోవలక్ష్మి గొంతెత్తుతుంది. అంతకుముందు ఆ పని ఆవిడ అత్తగారిది. అత్తగారికి గొంతు పడిపోయాక కొడుకులెవరినీ అడక్కుండా ఈ కోడలిని తెచ్చి కుప్ప పక్కన నిలబెట్టి, “ఇక నువ్వే అరవాలి” అందట. ఆ గొంతు సంగతి నాకు తెలుసు. గాలి ఇటు మళ్లితే మా షాపులోకి కూడా వినపడుతుంది.

ఆ రేవులో ఒక కట్టుబాటు ఉంది. వేలం వేసే మనిషి కుడికాలు కుప్పను ఆనుకుని ఉండాలి. మూడోసారి అని పాట ముగించేదాకా ఆ కాలు కదలకూడదు. కదిలితే కుప్ప చెదిరినట్టే. ఆ సరుకును ఇంకో మనిషి మళ్లీ మొదటినుంచి వేలం వేయాలి. ఏ కాలంలోనో ఒకావిడ పాట మధ్యలో పక్కకు వెళ్లి ఒక షావుకారుతో గుసగుసలాడి, వచ్చి వాడికే సరుకు కొట్టేసి, పడవవాళ్ల నోట్లో మట్టి కొట్టిందట. అప్పటినుంచీ ఈ పట్టింపు. ఒక్క మనిషి చేతిలో మూడు కుప్పలు చెదిరితే ఆ మనిషిని ఇక వేలానికి నిలబెట్టరు. వయసు మీద పడిందని పంపేయడం కాదది, చేతివాటం ఉందని పంపేయడం. రేవులో అంతకు మించిన తిట్టు లేదు.

లోవలక్ష్మికి ఇరవై ఆరేళ్లు వచ్చేసరికి నాలుగు కాన్పులు. మూడో బిడ్డ రెండు రోజులు నొప్పులు పెట్టించి పుట్టింది. ముప్పై దాటకుండానే గర్భసంచి తీసేశారు. అప్పటినుంచీ దగ్గితే ఒక చుక్క, నవ్వితే ఒక చుక్క. లోవలక్ష్మి నవ్వడం మానలేదు. ఎవరికీ చెప్పనూ లేదు. పాత నూలు చీర చించి, మడతలు పెట్టి కట్టుకుని పాతికేళ్లు నెట్టుకొచ్చింది. ఈ మూడేళ్లలో అది చుక్కలు దాటిపోయింది. గొంతెత్తి అరవడమే వృత్తి అయిన మనిషికి అరిచిన ప్రతిసారీ పొట్టకింద బరువు పడుతుంది. నీళ్లు తాగకపోతే సరిపోతుందనుకుని ముందురోజు సాయంత్రం నుంచే తాగడం మానేసింది. ఫలితంగా మంటా, చలిజ్వరమూ వచ్చి డాక్టరమ్మ దగ్గర పడింది. డాక్టరమ్మ నాలుగు చీవాట్లు పెట్టి, నీళ్లు మామూలుగా తాగమని, కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం రోజూ చేయమని చెప్పింది. గుణం కనపడటానికి నెలలు పడుతుంది, అంతవరకూ డైపర్ వేసుకో అంది. లోవలక్ష్మి తలూపి ఇంటికి వచ్చి, ఆ చివరి మాట విననట్టే నెల రోజులు ఊరుకుంది.

ఆ నెలలోనే రెండు కుప్పలు చెదిరాయి. పాట మధ్యలో వదిలేసి ఐసు షెడ్డు వెనక్కి పరుగెత్తింది. షెడ్డు వెనక ఆడవాళ్లు చీర మార్చుకునే చాటు ఉంది. షావుకార్లు సిగరెట్లు కాల్చుకునేది కూడా ఆ పక్కనే. యుగంధర్ అని రొయ్యలూ చేపలూ పెద్దెత్తున కొనే షావుకారు ఆ రెండుసార్లూ అక్కడే ఉన్నాడు. ఇంకేం కావాలి, లోవలక్ష్మి యుగంధర్‌తో మంతనాలాడుతోందని రేవంతా ఒకటే మాట. ఆయన అది అబద్ధమని ఒక్క ముక్క అంటే తేలిపోయేది. అనలేదు. నలుగురూ తన తెలివిని మెచ్చుకుంటున్నారనుకున్నాడేమో, మీసాల్లో నవ్వుకుంటూ తిరిగాడు. ఆ మనిషిని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం లోవలక్ష్మి మా షాపుకి వచ్చింది. తలనొప్పి బిళ్లలు అడగలేదు. కౌంటరు దగ్గరికొచ్చి చాలా చిన్నగా ఏదో అంది. ఆ గొంతు అంత చిన్నగా పలకగా నేనెప్పుడూ వినలేదు, అందుకే మొదట అర్థం కాలేదు.

“పెద్దోళ్లకేసే డైపర్లు ఉంటాయా అండి?”

“ఉన్నాయి లోవమ్మా. ఎవరికి, మీ అత్తగారికా?”

“మా అత్తగారు పోయి పదకొండేళ్లయిందండి. నాకండి.”

నాకు సిగ్గేసింది. ఆవిడ ఇబ్బందికి కాదు, నా నోటి వెంట అలవాటుగా వచ్చిన ఆ అత్తగారి మాటకు. లోపలికి పిలిచి టేపుతో నడుము కొలిచాను. పక్కల అంటించే రకం మంచం మీదున్న వాళ్లకు, నీలాంటి మనిషికి ప్యాంటులా తొడుక్కునేది బాగుంటుంది అని చెప్పి ఎల్ సైజు ఇచ్చాను. మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి, తడిసినది ఒంటిమీద ఉంచుకుంటే ఒరుసుకుని పుండవుతుంది, వాడినది కాగితంలో చుట్టి చెత్తబండికే వేయాలి, గోదాట్లో పారేయకు అన్నాను.

“గోదాట్లో ఎందుకు పడేత్తానండి? మా అన్నం గిన్నె కదా అది” అంది. ఆ మాత్రం కోపం చూసి నాకు ప్రాణం కుదుటపడింది.

పది రోజులు హాయిగా గడిచాయి. నాలుగో రోజున వచ్చి, రెండు గంటలు ఏకబిగిన వేలం వేశానండి, కడుపునిండా నీళ్లు తాగాను కూడా అని చెప్పింది. మనిషి మొహంలో కళ వచ్చింది. ఆ మనిషిని చూసి నేను కూడా ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను.

పదకొండో రోజు పడవల నిండా కొయ్యింగ చేపలూ సావిడాయిలూ పడ్డాయి. బుట్టలందుకోవడానికి ఆడవాళ్లు చాలలేదు. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా, లోవలక్ష్మి చీర ఎగ్గట్టి తనూ నీళ్లలోకి దిగింది. ఆ వేళప్పుడు పోటు మీద ఉంది గోదావరి. మోకాలి లోతు అనుకున్న చోట నడుము దాకా వచ్చింది. ఒంటిమీదున్న డైపర్‌కు తెలిసింది ఒక్కటే, తడి తగిలితే పీల్చుకోవడం. అది మనిషి నీరా, గోదారి నీరా అని దానికెందుకు? తాగగలిగినంత తాగేసింది. నెత్తిన బుట్టతో గట్టెక్కేసరికి అది బిందెడు బరువైంది. అప్పటికే కుప్ప పోశారు, షావుకార్లు మూగారు. లోవలక్ష్మి కాలు ఆనించి గొంతెత్తింది. రెండో పాటకే అది తొడల మీదికి జారింది, ఎక్కడో చిరిగి లోపలి జిగురు గింజలు కాళ్ల వెంట కారడం మొదలుపెట్టాయి. తొడలు బిగబట్టుకుని ఇంకో రెండు పాటలు లాగింది. ఆ తర్వాత ఆగడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కుప్ప వదిలేసి షెడ్డు వెనక్కి పరుగెత్తింది. అది మూడో కుప్ప.

ఆ సాయంత్రం మా షాపు వెనక గదిలో కూర్చుని ఇదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ “గోదారినంతా నేనే ఇంటికి మోసుకెల్లిపోతన్నానేమో అనిపించిందండి” అని ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ వెంటనే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేను నవ్వు ఆపుకోలేక, ఏడవడం చేతకాక గుడ్లప్పగించి కూర్చున్నాను. తప్పు నాది కూడా. ఆ ప్యాకెట్టు మీద పన్నెండు జాగ్రత్తలు రాశారు గానీ నీటిలో దిగొద్దని ఎక్కడా లేదు. రాసినవాళ్లకు చేపల రేవు తెలియదు. నాకు తెలుసు కదా, నేను చెప్పాల్సింది.

రేవుకు పెద్ద బుల్లబ్బాయి. మర్నాడు తొమ్మిదింటికి పడవలొచ్చాక అందరూ గట్టు దగ్గర ఉండాలని, వేలం రాణికి అప్పజెప్పాలని అప్పటికే కబురు పెట్టాడు. రాణి లోవలక్ష్మికి వరసకు కోడలు, ముప్పై అయిదేళ్ల మనిషి, గొంతు బాగానే ఉంటుంది. లోవలక్ష్మి భర్త బుల్లియ్య వలలు బాగుచేసుకునే నెమ్మదస్తుడు. ఆయన చెప్పిన ఉపాయం ఆవిడను ఎక్కువ బాధపెట్టింది.

“ఒంట్లో బాగుండట్లేదని చెప్పేసి నువ్వే దిగిపో, పరువుగా ఉంటది అంటన్నాడండి. దొంగననిపించుకుని దిగిపోతే పరువంట, నాకు ఆగదు అని చెప్పి నిలబడితే పరువు తక్కువంట. ఏం లెక్కండి ఇది?”

“ఆ మాట రేవులో చెప్పగలవా?” అని అడిగాను.

“మీకు చెప్పినప్పుడే సగం చచ్చానండి. మిగతా సగమే కదా” అంది.

మర్నాడు ఎనిమిదింటికి నేను షట్టరు ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. బోణీ ఆవిడదే. ఒక ప్యాకెట్టు తీసుకుని, మా వెనక గదిలోకి వెళ్లి ఒకటి తొడుక్కుని వచ్చింది. మిగిలిన ప్యాకెట్టు కోసం నా చెయ్యి పాత పేపరు వైపు వెళ్లింది. లోవలక్ష్మి ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“చుట్టకండి ప్రసన్నలక్ష్మిగారూ. రొయ్యలు కొంటే చుట్టుకుని ఎల్తన్నామా?”

ప్యాకెట్టును చంకలో పెట్టుకుని మెయిన్ బజారు మీదుగానే నడిచింది. కిరాణా కొట్టు ముందు నీళ్లు చల్లుతున్న మనిషి చెంబు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆవిడ ఎవరినీ తప్పించుకోలేదు, ఎవరి వంకా ప్రత్యేకంగా చూడనూ లేదు. మా ఇళ్లల్లో బోణీ కాగానే కొట్టు మూయడం ఎంత అపచారమో వ్యాపారస్తులకే తెలుస్తుంది. మావారు విరుచుకుపడతారని తెలిసీ షట్టరు దించి నేనూ వెనకే వెళ్లాను.

గట్టు దగ్గర యాభై అరవై మంది ఉన్నారు. యుగంధర్ మీసం సర్దుకుంటూ ముందు వరసలో ఉన్నాడు. బుల్లియ్య దూరంగా వల మీద తల వంచుకుని కూర్చున్నాడు. లోవలక్ష్మి ఆ ప్యాకెట్టును తెచ్చి గట్టు మీద, కుప్ప పోసే చోటి పక్కనే పెట్టింది. దాని మీద నవ్వుతున్న ముసలి దంపతుల బొమ్మ ఉంది.

“ఏంటది లోవా?” అన్నాడు బుల్లబ్బాయి.

“చెబుతాను మావా. నా చేతిలో మూడు కుప్పలు చెదిరినయ్యి, నిజమే. షెడ్డు ఎనక్కి ఎల్లాను, అదీ నిజమే. అక్కడ ఏ షావుకారుతోనూ నేను మాట్లాడలేదు. చీర మార్చుకున్నాను. నాకు ఉచ్చ ఆగదు.”

బుల్లబ్బాయి గోదావరి వైపు తిరిగి, “ఆడోళ్ల ఇసయాలు ఇక్కడెందుకమ్మా, ఇంటికాడ మాట్లాడుకుందాంలే” అన్నాడు.

“నన్ను దొంగ అన్నది ఇంటికాడ కాదు కదా మావా. ఇక్కడే అన్నారు, ఇక్కడే ఇనండి. నలుగురు పిల్లల్ని కన్నాను. ముప్పై ఏళ్లు మీ చేపల కోసం ఈ గట్టు మీద అరిచాను. ఆ అరుపుల పాలు కూడా ఉందందండి డాక్టరమ్మ. ఇదిగో, దీనికి ఇది మందు. చంటిపిల్లలకు ఏసినట్టే నేనూ ఏసుకుంటన్నాను. నిన్న ఇది ఏసుకుని నీళ్లలో దిగాను, అది గోదారిని తాగేసి నా కొంప ముంచింది. బుద్ధి తక్కువ పని, ఒప్పుకుంటన్నాను. దొంగతనం ఒప్పుకోను.”

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. లోవలక్ష్మి అటు తిరిగి, “నవ్వవే, నవ్వు. నవ్వితే నీకు మాత్రం ఆగుద్దా?” అంది. నవ్వు ఆగిపోయింది. ఆ మాట నాకూ తగిలింది, ఎందుకంటే దగ్గు వచ్చినప్పుడు కాళ్లు దగ్గరికి పెట్టుకునే అలవాటు నాకూ రెండేళ్లుగా ఉంది. ఆ సంగతి అంతవరకూ నేను నాతో కూడా చెప్పుకోలేదు.

“అయితే ఏం చేద్దామంటావు?” అన్నాడు బుల్లబ్బాయి.

“ఈ పూట కుప్ప నాకు పొయ్యండి. కాలు కదిలిందా, రాణికే ఇచ్చేయండి, నేనే దాని చెయ్యి పట్టుకుని తెచ్చి నిలబెడతాను. కానీ ఇకనుంచి నేను నీళ్లలో దిగను. కుప్ప కాడ నిలబడాలనే కట్టుబాటులో ఉంది. బుట్టలు మొయ్యాలని లేదు.”

“మరి నీ వాటా బుట్టలు ఎవరు మోత్తారు? మాకు నడుముల్లేవా?” అంది ఒకావిడ. న్యాయమైన మాటే.

వల మీద కూర్చున్న బుల్లియ్య లేచాడు. లుంగీ పైకి మడిచి కట్టి, ఎవరితోనూ ఏమీ అనకుండా నీళ్లలోకి నడిచాడు. ఆ రేవులో మగవాళ్లు వల లాగుతారు, పడవ తోస్తారు, నెత్తిన బుట్ట మాత్రం పెట్టుకోరు. బుల్లియ్య పెట్టుకున్నాడు. మెడ నిలవక అటూ ఇటూ ఊగుతూ, మొహం మీద చేపల నీళ్లు కారుతూ వచ్చి గట్టు మీద కుమ్మరించాడు. “బరువుగానే ఉంటది” అని భార్యతో అని మళ్లీ నీళ్లలోకి వెళ్లాడు. నిన్న పరువు గురించి చెప్పిన మనిషి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది.

కుప్ప పడింది. లోవలక్ష్మి కుడికాలు ఆనించి గొంతెత్తింది. మామూలుగా అయితే పది నిమిషాల్లో ముగిసే పాట అది. యుగంధర్ ముగియనివ్వలేదు. తన పేరు అబద్ధంగా మోగిందని తేలిపోయినందుకు ఉక్రోషమో, వేడుక చూడాలనే బుద్ధో, పాట ముగియబోయే ప్రతిసారీ ఓ పిసరు పెంచి ఆపేవాడు. లోవలక్ష్మి మళ్లీ ఒకటోసారి నుంచి మొదలుపెట్టేది. పావుగంట అయింది, అరగంట అయింది. ఎండ ముదిరింది. షావుకార్లందరూ సరుకు మానేసి ఆవిడ కాలి వంకే చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. ఆ కాలు కదిలితే ముప్పై ఏళ్ల నిజాయితీ అబద్ధమైపోతుంది, అంత చిన్న విషయం మీద అంత పెద్ద బరువు పెట్టిన రేవు మీద నాకు పిచ్చికోపం వచ్చింది. లోవలక్ష్మి గొంతు జీరపోయింది. పక్కనున్న చెంబెత్తి అందరూ చూస్తుండగా గడగడా నీళ్లు తాగి మళ్లీ అందుకుంది.

యుగంధర్ ఇంకో పిసరు పెంచాడు. “ఒకటోసారి” అని ఆవిడ గట్టిగా అరిచింది. అరిచి, ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం ఏమిటో అక్కడ నాకొక్కదానికే అర్థమైందనుకున్నాను. లోవలక్ష్మి తల పైకెత్తి, వేలం వేసే ఆ గొంతుతోనే, అవతలి ఒడ్డుకు కూడా వినపడేలా అంది:

“ఇదిగో, ఇప్పుడే వచ్చేసింది. పోసేసుకున్నాను. బుల్లబ్బాయి మావా, చూడు, కాలు కదిలిందా? రెండోసారి. యుగంధర్‌గారూ, ఇంకా పెంచుతారా? పెంచండి, సాయంత్రం దాకా నిలబడతాను.”

యుగంధర్ ముందు వరసలోంచి ఒకడుగు వెనక్కి వేశాడు.

“మూడోసారి” అంది లోవలక్ష్మి.

బుల్లబ్బాయి వంగి ఆవిడ పాదం ఉన్న చోటు చూశాడు. సిమెంటు మీద కాలి చుట్టూ చేపల నీరు ఎండి గీత కట్టింది, పాదం ఆ గీత దాటలేదు. ఆయన నిటారుగా నిలబడి, తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని లోవలక్ష్మినే చూస్తున్నారు.

“నన్నేం చూత్తారు? షెడ్డు ఎనక్కెల్లి మార్చుకుని రెండు నిమిషాల్లో వత్తాను” అని లోవలక్ష్మి ప్యాకెట్టులోంచి ఒకటి లాగి, దాచుకోకుండా చేతిలో పట్టుకుంది. “ఈలోగా రెండో కుప్ప పొయ్యండి.”

రాణి తన బుట్ట నెత్తికెత్తుకుని వచ్చి, లోవలక్ష్మి నిలబడిన చోటు పక్కనే చేపలు బోర్లించి, “త్వరగా రా అత్తా” అంది.